ఒక్క వరుసలో దారీ, కాపలా

హెడ్డాఫీసులో ఒక లాన్, బ్రాంచిలో ఇంకొకటి. నడుమ ఉన్నది అందరూ తిరిగే ఇంటర్నెట్. బ్రాంచిలోని బిల్లింగ్ కంప్యూటర్‌కి హెడ్డాఫీసు సర్వర్ పక్క గదిలో ఉన్నట్టే అందాలి, దారిలో ఎవరూ తొంగిచూడకూడదు. ఈ పని ఐపీసెక్ తొంభైల నుంచీ చేస్తోంది, గట్టిగానే చేస్తోంది. కాకపోతే వేర్వేరు కంపెనీల రూటర్ల మధ్య దాన్ని కుదిర్చినవాళ్లని అడగాలి: ఏ సైఫర్, ఏ హ్యాష్, ఏ గ్రూపు అని రెండువైపులా సరిచూసుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకటి కలవకపోతే టన్నెల్ లేవదు.

జేసన్ డోనెన్‌ఫెల్డ్ తన వైర్‌గార్డ్‌లో ఆ బేరసారాలే లేకుండా చేశాడు. కీల ఒప్పందానికి కర్వ్25519, డేటాకి చాచా20-పాలీ1305, అంతే. కోడు సుమారు 4,000 వరుసలు, ఓపికున్న మనిషి కూర్చుని పూర్తిగా చదవగలిగినంత. 2020లో లినక్స్ కెర్నల్ 5.6తో అందులో భాగమైంది.

దీని పనితనమంతా నాకు సెట్టింగుల ఫైల్లోని ‘అలౌడ్ ఐపీస్’ అన్న ఒక్క వరుసలో కనిపిస్తుంది. బ్రాంచి గేట్‌వే పబ్లిక్ కీ కింద 192.168.20.0/24 అని రాస్తాం. ప్యాకెట్ బయటికి వెళ్లేటప్పుడు ఆ వరుసే దారి చెబుతుంది: ఈ అడ్రసు ఫలానా కీ వాళ్లది, వాళ్లకే విప్పడం వచ్చేలా మూసి పంపు. లోపలికి వచ్చేటప్పుడు అదే వరుస కాపలా కాస్తుంది: ఆ కీ వాళ్ల నుంచి వచ్చిన ప్యాకెట్‌లో పంపినవారి అడ్రసు ఈ పరిధిలో లేకపోతే పారెయ్. దారిపట్టిక ఒకచోట, అనుమతుల జాబితా ఇంకోచోట పెట్టుకుని, ఒకటి మార్చి రెండోది మరచిపోయే బాధ ఉండదు. టన్నెల్‌లోంచి వచ్చిన అడ్రసుని నిజమని నమ్మొచ్చు కూడా.

గేట్‌వే పబ్లిక్ కీ తెలియనివాళ్లు ఎంత తట్టినా లోపలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. పోర్టులు వెతికేవాడికి అక్కడ ఏమీ లేనట్టే. పరిచయం రెండు ప్యాకెట్లలో ముగుస్తుంది, పోను 148 బైట్లు, రాను 92. డేటా నడుస్తున్నంతసేపూ సుమారు రెండేసి నిమిషాలకి తాళాలు మారుతూనే ఉంటాయి, వాడేవాళ్లకి తెలియదు. బ్రాంచి ఇంటర్నెట్ అడ్రసు మారిందా? అక్కడి నుంచి సరైన ప్యాకెట్ ఒకటి వస్తే చాలు, జవాబులు కొత్త అడ్రసుకే వెళ్తాయి.

బేరం లేకపోవడానికి ఒక ఖరీదుంది. రేపు ఆ సైఫర్లలో లోపం బయటపడితే రెండు చివరలా సాఫ్ట్‌వేర్ మార్చాల్సిందే. సెట్టింగు మార్చి తప్పించుకునే వీల్లేదు. నా మటుకు ఆ ఖరీదు సబబే. రెండు ఆఫీసుల్లోనూ రూటరు పెట్టెలోంచి తీసినప్పటి 192.168.1.0 పరిధే ఉంటే మాత్రం వైర్‌గార్డ్ కూడా ఏమీ చేయలేదు. టన్నెల్ వేసే ముందే ఒకచోట అడ్రసులు మార్చుకోవాలి, ప్రింటర్లతో సహా.