పెద్దల ఆకులో ఏం వడ్డిస్తున్నాం?

సంక్రాంతి నాడు మా పెద్దాపురంలో చాలా ఇళ్లలో పిండివంటల కన్నా ముఖ్యమైన పని పెద్దలకు బట్టలు పెట్టుకోవడం. గోడవారన పీట వేసి, పసుపు రాసి, పోయినవాళ్ల ఫొటోలకు బొట్టు పెట్టి బంతిదండ వేస్తాం. కొత్త పంచె, కొత్త చీర మడత విప్పకుండా ముందుంచుతాం. అరిటాకులో గారెలు, బూరెలు, గుమ్మడికాయ దప్పళం వడ్డించి, సాంబ్రాణి వేసి దణ్ణం పెట్టుకుంటాం. పట్టునేతకు పేరుపడ్డ ఊరు కాబట్టి, కలిగినవాళ్లు ఇక్కడి మగ్గం మీద నేసిన పంచే పెడతారు. తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. తాతకు పెట్టిన పంచె మనవడు కట్టుకోవడం నాకెంతో ఇష్టమైన ఆచారం.

మెక్సికోలో పోయినవాళ్ల పండుగకు వేసే ఇలాంటి పీటను ఒఫ్రెండా అంటారు. పోయిన పిల్లల కోసం నవంబరు 1న, పెద్దవాళ్ల కోసం 2న పెడతారు. ఆ రెండో తేదీనే మన క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒఫ్రెండా మీద ఫొటోలు, దీపాలు, ఉప్పు, దూరం నుంచి వచ్చినవాళ్ల దాహానికి గ్లాసుడు నీళ్లు ఉంటాయి. కోపల్ అనే చెట్టుబంకతో ధూపం వేస్తారు. దారి తెలియడానికి గుమ్మం నుంచి బంతిరేకలు చల్లుతారు. బంతికి పుట్టినిల్లు ఆ దేశమే! ఈ పండుగను 2008లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడివాళ్లు ఎవరికి ఇష్టమైంది వాళ్లకే పెడతారు. తాగే అలవాటున్న మనిషికి ఆయన తాగే మద్యమే, పసివాడికి వాడి బొమ్మే. మన దగ్గరా ఉన్న పద్ధతే ఇది. మా మామ్మ ఉన్నన్నాళ్లూ తాతయ్య ఆకులో ఆవపెట్టిన కంద బచ్చలి కూర పడాల్సిందే, పక్కన చుట్ట ఉండాల్సిందే. వడ్డిస్తూ ఆయన కోపం గురించి, సంతబేరాల గురించి చెప్పేది. నేను తాతయ్యను చూడలేదు. ఆయన్ని ఎరిగింది ఆ ఆకు ముందే.

ఇప్పుడు చాలా ఇళ్లలో అందరికీ కలిపి ఒకే ఆకు, కొని తెచ్చిన స్వీట్లు. పిల్లలు వరసగా దణ్ణం పెట్టి వెళ్లిపోతున్నారు. ఫొటోలో ముత్తవ్వ పేరు అడిగితే చెప్పలేరు. బట్టలు పెడుతున్నాం గానీ మనిషిని మరిచిపోతున్నాం, నాకిది పెద్ద లోటుగానే తోస్తుంది.

ఈ సంక్రాంతికి మీ ఇంటి ఫొటోల వెనక పేర్లు రాయండి, ఆడవాళ్లవి ముందుగా. వాళ్లకేం ఇష్టమో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. అది వండండి, పిల్లల చేత వడ్డింపజేయండి.