బొమ్మ వైపు, రాత వైపు

పాత పిక్చర్ పోస్టుకార్డులకు ఈమధ్య గౌరవం వచ్చింది. ఒకప్పుడు దొరలు తమ ఇళ్ళకు పంపుకున్న ఆ అట్టముక్కలు ఇవాళ వేలంపాటలకెక్కుతున్నాయి, గాజు పెట్టెల్లో కూర్చుంటున్నాయి. 2018లో లండన్ సోయాస్ విశ్వవిద్యాలయంలోని బ్రూనై గ్యాలరీలో మద్రాసు, బెంగుళూరు కార్డులతో ఒక ప్రదర్శన జరిగింది. అదే ఏడు ఒమర్ ఖాన్ తెల్లదొరల కాలపు కార్డుల మీద 'పేపర్ జ్యువెల్స్' అనే పుస్తకం తెచ్చాడు. మంచిదే. అయితే దాంతోపాటు ఒక మాట కూడా చలామణీలోకి వచ్చింది. నూరేళ్ళ కిందటి పల్లె ఎలా ఉండేదో తెలియాలంటే ఈ కార్డులే సాక్ష్యం అని. ఈ సాక్షిని మేం కొంచెం నిలదీయదలుచుకున్నాం.

అసలు ఈ సాక్షి ఎక్కడ పుట్టాడు? 1900కి అటూ ఇటూ మొదలై మొదటి ప్రపంచయుద్ధం దాకా ఈ కార్డుల మోజు నడిచింది. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల కంపెనీ, వీలే అండ్ క్లైన్ ఫొటో స్టూడియో ఇలాంటి కార్డులు తయారుచేసి అమ్మాయి. ఆ రోజుల్లో ఇక్కడి కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయి వచ్చేవి. కొన్నది ఎక్కువగా సిపాయి దొర, కలెక్టరు దొరసాని, మిషనరీ. అందుకున్నది ఇంగ్లండులో ఉన్న తల్లో చెల్లెలో. అంటే పల్లె బొమ్మ మద్రాసులో తయారైంది, జర్మనీలో అచ్చయింది, ఇంగ్లండు చేరింది. బొమ్మలో ఉన్న మనిషికి మాత్రం ఆ కార్డు అందలేదు.

బొమ్మ కింద రాత చూడండి. కుమ్మరి, మంగలి, కల్లుగీసేవాడు, బావి దగ్గర ఆడవాళ్ళు. పేరు ఎక్కడా లేదు. మనిషి పోయి రకం మిగిలింది. ఈ చూపు కార్డులతో పుట్టింది కాదు. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసి, ఈ దేశపు మనుషుల్ని సర్కారు ఫొటోల్లోకెక్కించి రకాలుగా పంచింది. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. సర్కారు బీరువాలో ఉన్న ఆ చూపునే కార్డు చౌక చేసి బజారులో పెట్టింది. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూచుని తలల్లో పేలు చూసుకుంటున్న బొమ్మకు 'మద్రాస్ హంట్', అంటే మద్రాసు వేట, అని పేరు పెట్టి అమ్మారు. మన వాకిళ్ళలో అది మధ్యాహ్నం పూట తీరుబడి, కష్టసుఖాల ముచ్చట. దొరసానికి మాత్రం నవ్వులాట.

ఇక మా సంగతి. ఈ కార్డుల్లో ముస్లింలు లేకపోలేదు. తోలుతిత్తి భుజానేసుకున్న బిహిస్తీ ఉన్నాడు, వంటచేసే ఖాన్సామా ఉన్నాడు, జడలు కట్టిన ఫకీరు ఉన్నాడు, మసీదులూ గోరీలూ ఉన్నాయి. అంటే దొరగారి బంగళాలో పనిచేసిన ముస్లిం, దొరగారు షికారుకు పోయినప్పుడు కనబడ్డ ముస్లిం. మరి ఊళ్ళో ముస్లిం ఏడీ? విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకిన దూదేకుల సాయిబు, రైతు అరుగు మీద కూచుని గిన్నెలకు కళాయి పోసిన కళాయి సాయిబు, మలారం భుజాన వేసుకుని గాజులు తొడిగిన మనిషి, పీర్ల పండక్కి కులం చూడకుండా ఊరందరితో కలిసి గుండం చుట్టూ తిరిగిన మనిషి, వీళ్ళెవరు? మేం చూసిన కార్డుల్లో వీళ్ళ జాడ లేదు. థర్‌స్టన్ పుస్తకంలోనైనా దూదేకులకు ఒక పద్దు దొరికింది. కార్డు మీద అదీ లేదు. ఎందుకంటే తెలుగే మాట్లాడే సాయిబు ఏ రకం కిందికీ రాడు. హిందువుల బొమ్మా కాడు, 'మొహమ్మడన్' బొమ్మా కాడు. బొమ్మకు పనికిరానివాడు చరిత్రకూ పనికిరాకుండా పోయాడు.

కార్డు మీది ఫకీరునే తీసుకోండి. ఒంటరిగా, ఏ ఊరూ లేనట్టు నిలబెట్టారు. మా బజారులో ఫకీరు ఒంటరివాడు కాదు. చేతిలో నెమలీకల కట్ట, సాంబ్రాణి పొగ. దుకాణం దుకాణానికీ వెళ్ళేవాడు. కోమటి శెట్టి గల్లాపెట్టె కూడా ఆ పొగ పట్టించుకునేది. ఆ పొగనీ, ఆ శెట్టినీ చట్రం అవతల పారేస్తే మిగిలింది 'మొహమ్మడన్ ఫకీర్'.

ఇది పాత గొడవ అనుకోకండి. పత్రికల్లో పనిచేసే మాకు తెలుసు. ముస్లింల చదువు మీద వార్త రానీ, అప్పుల మీద రానీ, రిజర్వేషన్ల మీద రానీ, ఫొటో మాత్రం నమాజు వరుసో, చార్మినార్ ముందు బురఖాలో. కార్డు కింది రాత పోలేదు, పేజీ మారిందంతే.

అల్జీరియా కవి మాలెక్ అల్లౌలా ఫ్రెంచివాళ్ళు అచ్చేసిన అల్జీరియా ఆడవాళ్ళ కార్డుల మీద 1981లో ఒక పుస్తకం రాశాడు. స్టూడియోలో కూచోబెట్టి తీసిన బొమ్మను జనానా రహస్యం అని అమ్మిన మోసాన్ని బయటపెట్టాడు. ఆయన కోపం మా కోపమే. అయితే అక్కడ లేనిది కల్పించారు, ఇక్కడ ఉన్నదాన్ని వదిలేశారు. వదిలేసినదాన్ని బొమ్మతో కొట్లాడి తెచ్చుకోలేం. ఇంకోచోట వెతకాలి.

కార్డుకు రెండు వైపులున్నాయి. ఈ దేశంలో బొమ్మ లేని పావు అణా కార్డు 1879లోనే వచ్చింది. అంతకు ముందే, 1871 నుంచి, నిజాం సర్కారు వేసిన తపాలా బిళ్ళల మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు అక్షరాలు ఒకే చోట సర్దుకున్నాయి. ఆ తపాలా 1950లో భారత తపాలాలో కలిసిపోయింది. పావు అణా కార్డు మీద బొమ్మ లేదు, కింద రకం పేరూ లేదు. పైనుంచి కిందిదాకా మనిషి తనే రాసుకున్నాడు. రాయడం రానివాడు రాయించుకున్నాడు. మా ఇళ్ళకొచ్చిన పెళ్ళి కార్డుల్లో నెత్తిన 786 ఉండేది, నాలుగు మూలలా పసుపు ఉండేది. మొదలు సలాం, లోపల 'ఉభయకుశలోపరి'. ఈ మనిషిని ఏ రకంలో వేస్తారు? ఏ స్టూడియోలో నిలబెడతారు?

బొమ్మ కార్డుల్ని చించెయ్యమని మేం అనడం లేదు. తాటాకు కప్పు, మోట, బండి చక్రం, బిందె పట్టుకున్న తీరు నిజమే, అవి చూడండి. ఫొటోగ్రాఫరు పట్టించుకోక చట్రం అంచున మిగిలిపోయిన పిల్లవాణ్ణి చూడండి. కింది రాతను మాత్రం నమ్మకండి.

దొర పంపిన కార్డుకు దాచేవాడు దొరికాడు. మా నానీలు, ఖాలాలు, చాచాలు పంపిన కార్డులు ఇనప తీగకు గుచ్చి దూలానికి వేలాడి, ఇల్లు పడగొట్టినప్పుడు పాత కాగితాలవాడి తూకంలోకి పోతున్నాయి. పల్లె రికార్డు కావాలంటే ముందు ఆ తీగలు దించండి. తెలుగులో ఉన్నవీ, ఉర్దూలో ఉన్నవీ, రెండూ కలిసినవీ విడదీయకుండా ఒకేచోట దాచండి. విడదీశామా, మళ్ళీ దొరగారి పనే మనం చేసినట్టు.