కరెంటు వచ్చాక ఫుల్ నోడ్ చేసే పని

1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ వారికి రోజుల తరబడి కరెంటు లేకపోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అమలాపురంలో ఒక ఇంట్లో బిట్‌కాయిన్ ఫుల్ నోడ్, అంటే ప్రతి బ్లాకునూ తానే సరిచూసుకునే కంప్యూటర్, నడుస్తోందనుకుందాం. పది రోజులు కరెంటు పోయి, వచ్చింది. పది నిమిషాలకొకటి చొప్పున ఈలోగా సుమారు 1,440 కొత్త బ్లాకులు (లావాదేవీల కట్టలు) గొలుసుకు చేరాయి. నోడ్ వాటిని అందుకునే తీరు చూడాలి.

ముందు అది తనకు తెలిసిన గొలుసును చిన్న జాబితాగా కుదిస్తుంది. ప్రతి బ్లాకుకూ 32 బైట్ల హాష్ ఒక గుర్తు. చివరి పది బ్లాకుల గుర్తులు వరసగా రాస్తుంది. అక్కణ్నుంచి వెనక్కి పోయేకొద్దీ ఎడం రెట్టింపవుతుంది: రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఆఖరున 2009 జనవరి 3 నాటి తొలి బ్లాకు. తొమ్మిది లక్షల బ్లాకుల గొలుసుకు సుమారు ముప్పై గుర్తులు చాలు. గొలుసు చీలితే సాధారణంగా కొస దగ్గరే చీలుతుంది కాబట్టి గుర్తులు అక్కడే దట్టంగా ఉంటాయి. అవతలి నోడ్ తనకూ తెలిసిన తాజా గుర్తును పట్టుకుని, ఆ తర్వాతి బ్లాకుల క్లుప్త శీర్షికలు, అంటే హెడర్లు, పంపుతుంది. విడతకు 2,000 దాకా పంపవచ్చు, ఒక్కోటి 80 బైట్లే. పది రోజుల లోటు ఒకే విడతలో, దాదాపు 115 కిలోబైట్లలో వచ్చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చే పెళ్లి ఫొటో ఒక్కటి అంత ఉంటుంది!

వచ్చింది కదా అని నమ్మదు. ప్రతి హెడర్‌లోనూ ముందరి హెడర్ హాష్ ఉంటుంది. దాన్ని తానే లెక్కగట్టి పోలుస్తుంది. ఆ హాష్ నిర్ణీత పరిమితికి లోబడిందో లేదో చూస్తుంది. 2,016 బ్లాకులకోసారి మారే ఆ పరిమితిని కూడా ఎవరినీ అడగదు, తానే కడుతుంది. కొత్త బ్లాకు తయారుచేసే మైనర్ లెక్కలేనన్ని ప్రయత్నాలు చేసి సాధించినదాన్ని సరిచూడడానికి నోడ్‌కు రెండుసార్లు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ కడితే సరిపోతుంది. నాకు ఈ వ్యవస్థలో అన్నింటికన్నా నచ్చినది ఈ తేడాయే. ఇంట్లో పాత కంప్యూటర్‌కు భారీ మైనింగ్ కేంద్రాన్ని కాదనే శక్తి దీనివల్లే వచ్చింది.

తర్వాత బ్లాకుల లోపలి లావాదేవీలు. ఖర్చు చేస్తున్న నాణెం ఇంకా ఖర్చుకాని నాణేల పట్టికలో ఉందా? సంతకం సరిపోయిందా? ఇచ్చేది తెచ్చినదానికి మించిందా? మైనర్ తీసుకున్న కొత్త నాణేలు, 2024 ఏప్రిల్ నుంచి 3.125, రుసుములతో కలిపిన హద్దు దాటాయా? ఒక్కటి తప్పినా బ్లాకు మొత్తం పోతుంది.

ఇది ఉత్త జాగ్రత్త కాదు. 2010 ఆగస్టు 15న 74,638వ బ్లాకులో, కూడికలో అంకెలు పొంగిపోయే లోపం వాడుకుని ఎవరో 18,400 కోట్లకు పైగా నాణేలు సృష్టించారు. మొత్తం ఎప్పటికీ 2.1 కోట్లు దాటకూడదు! సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న నోడ్‌లు ఆ బ్లాకును తిరస్కరించాయి. ఒక్కరోజు లోపే వాటి గొలుసు చెడ్డదాన్ని దాటేసింది.

ఇరుగుపొరుగును ఎంచుకోవడంలోనూ అంతే శ్రద్ధ. నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ తానుగా కలుపుకునే పది బంధాల్లో ఎనిమిది అన్నిటికీ, రెండు కేవలం బ్లాకులకు. అవన్నీ వేర్వేరు చిరునామా సమూహాల నుంచి ఉండేలా చూస్తుంది, ఒకే మోసగాడు చుట్టుముట్టకుండా. ఈ పనికి పైసా ప్రతిఫలం లేదు. రౌటర్‌లో 8333 పోర్టు తెరిచి ఉంచితే, రాజోలులోనో కొత్తపేటలోనో మొదలైన కొత్త నోడ్ పంపే జాబితాకు కూడా ఈ నోడే జవాబిస్తుంది.