నాయకుడు మారితే నాయకత్వం మారుతుందా? ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌పై ఒక విమర్శ

కోచింగ్ అనగానే మీకు నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లు గుర్తుకు రావచ్చు. ఈ భాగంలో చెప్పుకునేది వేరు. ఒక సంస్థలోని పై అధికారితో ఒక కోచ్ కొన్ని నెలలపాటు విడిగా సమావేశమవుతాడు. ప్రశ్నలు వేస్తాడు, తోటివారి అభిప్రాయాలు సేకరించి చెబుతాడు, లక్ష్యాలు పెట్టుకునేలా చేస్తాడు. దీనిని ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అంటారు. అయినా నంద్యాలతో పోలిక కొంత పనికొస్తుంది. బ్యాంకు పరీక్షలో మీ మార్కు మీ ఒక్కరిదే. మేనేజరు ఫలితం మాత్రం ఆయన ఒక్కడి చేతిలో ఉండదు. కోచింగ్ పరిమితి ఇక్కడే మొదలవుతుంది.

కోచింగ్ వల్ల ప్రయోజనమే లేదని నేను అనడం లేదు. 2014లో టీబూమ్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, పనితీరు, ఒత్తిడిని తట్టుకోవడం, లక్ష్యసాధన వంటి విషయాల్లో మెరుగుదల ఉందని తేల్చారు. కాని వారు కొలిచినవన్నీ వ్యక్తి స్థాయి ఫలితాలు. ఆ మాట వారి వ్యాస శీర్షికలోనే ఉంది. చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని గమనించకుండా, వ్యక్తి మెరుగుపడితే సంస్థలో నాయకత్వం పెరిగినట్టేనని రాసేస్తారు. డేవిడ్ డే 2000లో రాసిన సమీక్షలో ఈ రెంటినీ వేరు చేశాడు. ఒకరి జ్ఞానం, నైపుణ్యం, ఆత్మపరిశీలన పెంచడం నాయకుణ్ణి తీర్చిదిద్దడం. మనుషుల మధ్య నమ్మకం, బాధ్యత, కలిసి పనిచేసే తీరు పెంచడం నాయకత్వాన్ని పెంపొందించడం. ఈ తేడాను మీరు బాగా గుర్తుంచుకోవాలి.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లు మేనేజరుకు యజమాని కోచింగ్ ఇప్పించాడు. ఆరు నెలల్లో ఆయన కోపం తగ్గింది, ఎదుటివారి మాట వింటున్నాడు. పత్తి సీజను వచ్చింది. ఈ రోజు క్వింటాలుకు ఎంత వరకు పోవాలో ఉదయమే యజమాని ఫోనులో చెబుతాడు. యార్డులో కమీషన్ ఏజెంటు తన లెక్కలు తాను చూసుకుంటాడు. హమాలీలు మేస్త్రీ మాట వింటారు. సరుకులో తేమ ఎక్కువ ఉందని ధర తగ్గిస్తే రైతుకు సమాధానం చెప్పవలసింది మాత్రం మేనేజరే. ఆయన ఇప్పుడు మర్యాదగా చెబుతాడు. ధర మార్చే అధికారం ఆయనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇక్కడ మారవలసినది స్వభావం కంటే ముందు అధికార పంపిణీ. దాని గురించి మాట్లాడవలసిన వ్యక్తి యజమాని. కోచ్‌కు ఫీజు ఇచ్చేది కూడా ఆయనే!

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. డేవిడ్ మెక్లెలాండ్ బృందం 1964-65లో కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, సియెట్‌లో సుమారు పది రోజుల సాధన ప్రేరణ శిక్షణ ఇచ్చింది. మెక్లెలాండ్, వింటర్ 1969లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు. శిక్షణ పొందినవారిలో వ్యాపార చురుకుదనం పెరిగింది. అయితే ఆ పెరుగుదల ముఖ్యంగా, తమ వ్యాపారంలో నిర్ణయం తామే తీసుకోగలిగినవారిలో కనిపించింది. పెద్దల చేతికింద పనిచేసేవారికి అదే పాఠం అంతగా అక్కరకు రాలేదు. అది నేటి అర్థంలో కోచింగ్ కాదు, బృంద శిక్షణ. అయినా మన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం తెలుగు నేలపై నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరుకు వద్దాం. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ చరిత్రను ఒక మహానుభావుడి కథగా చెప్పడం మనకు అలవాటు. ఆయన పాత్రను తక్కువ చేయనక్కరలేదు. కాని చేనేత సంఘం అంటే నేతగాడికి నూలు సమయానికి అందడం, కూలి లెక్క తేలడం, నేసిన బట్ట అమ్ముడుపోవడం. ఇందులో కార్యదర్శి ఉన్నాడు, పాలకవర్గం ఉంది, సర్వసభ్య సమావేశంలో లేచి అడిగే సభ్యుడు ఉన్నాడు. అధ్యక్షుడికి ఎంత మంచి కోచ్‌ను పెట్టినా ఆ సభ్యుడి స్థానాన్ని అది భర్తీ చేయదు. పైగా 1964 సహకార చట్టం కింద పాలకవర్గం స్థానంలో పర్సన్ ఇన్‌ఛార్జిని నియమించవచ్చు. ఎన్నికలు జరగక అలా నడిచిన సంఘాలు మన రాష్ట్రంలో కొత్త కాదు. అలాంటి చోట కోచింగ్ ఎవరికి ఇస్తారు? రేపు బదిలీ అయ్యే అధికారికా?

కోచింగ్ సమర్థకుల్లో మార్షల్ గోల్డ్‌స్మిత్ వాదన బలమైనదని నేను భావిస్తాను. మార్పు వచ్చిందో లేదో అధికారి కాదు, ఆయనతో పనిచేసేవారే చెప్పాలని, వారు అవునంటేనే ఫీజు తీసుకోవాలని ఆయన పద్ధతి. ఇది నిజాయితీ గల కొలమానం. కాని సీజను కూలిపై బతికే హమాలీ మేనేజరు గురించి ఫారంలో ఏం రాస్తాడు? పేరు రాయనక్కరలేదన్నా, చేతిరాత ఎవరిదో తెలిసే చిన్న ఊళ్ళు మనవి.

స్టీవెన్ బెర్గ్‌లాస్ 2002లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో మరో ప్రమాదం చూపాడు. మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ లేని కోచ్ లోతైన మానసిక సమస్యను ఒక చెడు అలవాటుగా పొరబడి, పైపై చికిత్స చేసి హాని చేయవచ్చని ఆయన హెచ్చరించాడు. ఇది నిజమే కాని, మన ప్రాంతపు సంస్థల విషయంలో నాకిది రెండో స్థానంలోని ఆందోళన. ఇక్కడ ఎక్కువగా జరిగేది, సంస్థ సమస్యను ఒక మనిషి స్వభావ లోపంగా చూపించడం. నూలు ఆలస్యమైతే కార్యదర్శికి చొరవ లేదంటారు. కూలి పెంచమని అడిగితే మేస్త్రీతో మాట్లాడే నేర్పు మేనేజరుకు లేదంటారు. కోచ్ వస్తాడు, నెలలు గడుస్తాయి, నూలు ధర మాత్రం అలాగే ఉంటుంది.

అసైన్‌మెంటు రాసేటప్పుడు మీ ఊరిలో ఒక సంస్థను తీసుకోండి. పాల సంఘమైనా, మిల్లయినా, స్వయం సహాయక సంఘాల మండల సమాఖ్య అయినా సరే. అందులో గత ఏడాది తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఎంచుకుని, దాన్ని ఎవరు ప్రతిపాదించారు, ఎవరు ఆపగలిగేవారు, ఎవరిని అడగనే లేదు అన్నది ముందుగా రాయండి. కోచింగ్ ఎవరికి అవసరమన్న ప్రశ్నకు ఆ తర్వాత రండి.