మతిమరుపును మన మాటలోనే కొలవాలి

ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే అడుగుతుంటే, పొయ్యి ఆర్పడం మరిచిపోతుంటే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. అది వయసా, జబ్బా తేల్చడంలో స్కానింగ్ కంటే ముందు డాక్టరుకు అక్కరకొచ్చేవి ప్రశ్నలు. వాటిని మన భాషకు, మన బతుకుకు తగ్గట్టు మలిచినవారిలో డాక్టర్ అల్లాడి సువర్ణ ముఖ్యులు. హైదరాబాద్ నిమ్స్‌లో ఏళ్లపాటు డిమెన్షియా రోగులను చూసి, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్ అయ్యారు.

పరీక్ష ఇలా సాగుతుంది. ముందు వెంట వచ్చినవారిని అడుగుతారు: మార్పు ఎప్పుడు మొదలైంది? మొదట తగ్గింది జ్ఞాపకమా, మాటా, మంచీమర్యాదా? తర్వాత రోగిని తేదీ, వారం, ఊరు అడుగుతారు. ఒక పేరు, చిరునామా మూడుసార్లు చెప్పించి, వేరే పనులు పెట్టి, కాసేపటికి మళ్లీ అడుగుతారు. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్‌లో సాధారణంగా తొలి దెబ్బ తగిలేది కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్‌కు, దాని పరిసరాలకే. అందుకే పాత పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పేవారికి కూడా ఇప్పుడే విన్న చిరునామా గుర్తుండదు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు? గడియారం గీసి ముళ్లు సరిగా పెట్టగలరా? ఇలా ధ్యాస, జ్ఞాపకం, మాటల ధార, భాష, చూసి పోల్చుకోవడం అనే అయిదింటికి కలిపి 100 మార్కులు. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఈ పరీక్ష పేరు అడిన్‌బ్రూక్స్. మొత్తం ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, మార్కులు ఎక్కడ పోయాయో చూడాలి. కేంబ్రిడ్జ్‌లో న్యూరాలజిస్టు జాన్ హోడ్జెస్ బృందంతో కలిసి సువర్ణ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. మరణానంతరం మెదడును పరిశీలించిన 100 మంది వివరాలు చూస్తే, మాట తడబడటంతోనో, చూసినదాన్ని పోల్చుకోలేకపోవడంతోనో మొదలైన జబ్బుల్లో కూడా కొన్నింటి వెనక ఉన్నది అల్జీమర్సేనని తేలింది.

ఆ పరీక్షను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే? అందులోని చిరునామా ఇంగ్లండ్‌లోని డెవాన్‌ది. బొమ్మల్లో పెంగ్విన్, అకార్డియన్ ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం 'పి'తో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. జీవితమంతా పొలంలో గడిపిన, బడి గడప తొక్కని అవ్వ అక్కడ తప్పితే ఆ తప్పు మెదడుది కాదు, పరీక్షది. అందుకే సువర్ణ బృందం దాన్ని తెలుగుకు మలిచింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఒకే కొలతతో పనిచేసే పరీక్షల పెట్టె సిద్ధమైంది. ఆ పనికీ ఆమే నాయకత్వం వహించారు.

తెలుగులో కొలత కుదిరాక హైదరాబాదే ఒక కొత్త సంగతి చెప్పింది. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిష్ మామూలే. నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్లో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారికంటే వారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని సువర్ణ బృందం 2013లో ప్రకటించింది. ఇలాంటి ఫలితమే అంతకుముందు టొరంటోలోనూ వచ్చింది. అయితే అక్కడి రెండు భాషలవారిలో వలస వచ్చినవారే ఎక్కువ. అది భాష చలవా, వలస చలవా, చదువు చలవా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాద్‌లో అక్షరం రానివారిలోనూ ఆ తేడా కనిపించడంతో అది చదువు చలవేనన్న అనుమానం చాలావరకు తీరింది. మూడో భాష, నాలుగో భాష అదనపు మేలు చేసినట్టు మాత్రం తేలలేదు. పక్షవాతం వచ్చిన 608 మందిపై ఇదే బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ తర్వాత కూడా ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో సుమారు 40 శాతం, ఒకే భాషవారిలో 20 శాతం ఉన్నారు.

ఒక భాష మాట్లాడుతున్నంతసేపూ రెండోదాన్ని అదుపులో పెట్టాలి. రోజంతా సాగే ఆ కసరత్తు మెదడుకు కొంత నిల్వబలం ఇస్తుందని పరిశోధకుల భావన. అంటే భాష జబ్బును ఆపదు, లక్షణాలు బయటపడటాన్ని వెనక్కి నెడుతుంది. అయితే ఇవి ఆస్పత్రికి వచ్చినవారి లెక్కలు. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ మేలు కనిపించలేదు.

ఆ చర్చ ఎటు తేలినా ఈ కృషి విలువ తగ్గదు. చదువు రానివారి మెదడును కూడా అంతే శ్రద్ధతో, వారికి న్యాయం జరిగేలా కొలవవచ్చని అది నిరూపించింది. కాబట్టి పెద్దవాళ్లలో మార్పు కనిపిస్తే చాదస్తమని కొట్టిపారేయకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వారు ఏ భాషలో పెరిగారో, ఎంతవరకు చదివారో మొదటే చెప్పండి. వారి మాటలోనే పరీక్ష చేయమని అడగండి. అది వారి హక్కు.