తూకమునకు పోవు వైసు

మొన్న గురువారమునాడు జుమ్మేరాత్ బజారులో, తుప్పుపట్టిన గొలుసులకును పగిలిన పంపులకును నడుమ, ఏ ఫిట్టరో ఆజన్మాంతము వాడియుండదగిన పాత బెంచి వైసు నొకదానిని అంగడివాడు నిర్దయగా త్రాసులో పడవేసి కిలోల లెక్కన వెలకట్టుచుండగా చూచి, నాకు కలిగిన ఆగ్రహము లాలాగూడ చేరువరకును చల్లారలేదు. ఈ శీర్షికను చిరకాలముగా చదువుచున్న మిత్రులకు నా పంతము తెలిసినదే: పాతబడినంతమాత్రమున పనిముట్టు తుక్కు కాదు, దానిని విప్పి, కడిగి, నూనె పెట్టి మరల పనిలో నిలుపుట గృహస్థధర్మములలో నొకటి.

వైసును బాగుచేయుట ఇంటి వరండాలోనే సాగదగిన పని. పిడిని త్రిప్పి కదులు దవడను పూర్తిగా వెలికిలాగి, లోపలి నట్టును ఊడదీసి, ఏండ్ల తరబడి గ్రీజుతో కలిసి గట్టిపడిన ఇనుపరజమును కిరసనాయిలులో నానబెట్టి బ్రష్షుతో తొలగింపవలెను. పాతరంగు క్రింద ఎర్రసీసపు పూత ఉండవచ్చును గావున తడిపియే గీకవలెను. ఆ ధూళి పీల్చదగినది కాదు. తుప్పు లోతుగా దిగినచో, ఆరుబయట తొట్టిలో చాకలిసోడా కలిపిన నీటియందు ఆ భాగమును ముంచి, బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమును దానికిని, ధనధ్రువమును మామూలు ఇనుపరేకునకును తగిలించినయెడల, తుప్పు వదులై నల్లని మడ్డిగా రాలిపోవును. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది మాత్రము కారాదు. అందలి క్రోమియము విషమై నీటిలోనికి దిగును. అరిగిన దవడపలకలను మరమేకులు విప్పి మార్చుకొనవచ్చును.

ఈ విద్య నాకు నేర్పినవాడు మా లాలాగూడ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా నుండిన యొక వృద్ధుడు. మా నాయనకు స్నేహితుడు, మాకు మామ. 1874లో సికింద్రాబాదునుండి వాడీ అను ఊరికి రైలు నడిచిన పిదప, నిజాము రైల్వేవారు 1893లో ఆవిరియంత్రములను, రైలుపెట్టెలను బాగుచేయుటకు స్థాపించిన ఆ కార్ఖానా, ప్రభుత్వములు మారి, 1966లో దక్షిణమధ్య రైల్వే ఏర్పడిన తరువాత కూడ, మా పేట యిండ్లకు అన్నముతోపాటు చేతిపనిని కూడ పెట్టినది. వైసును బల్లపై బిగించునపుడు దవడల పైయంచు పనివాని మోచేతి మట్టమున నుండవలెననియు, లేనిచో ఆకురాయి పట్టిన చేయి తిన్నగా సాగదనియు మామ చెప్పెడివాడు. పిడికి గొట్టము తొడిగి బలవంతముగా బిగించువారిని చూచినచో ఆయన మొగము ఎఱ్ఱబడెడిది.

ఒకనాడు, మా నాయన సంపాదించిన షెఫీల్డు వైసును శుభ్రపరచి నేను నీలిరంగు వేయబోవుచుండగా, మామ నా చేయి పట్టి ఆపి, దవడ మొదటిలో కిరసనాయిలు పూసి, నాననిచ్చి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లి, మాటాడక కూర్చుండెను. కొంతసేపటికి ఆ తెలుపుపై వెండ్రుకవలె సన్నని నల్లగీత దేలినది. నూనెయు సుద్దయు కలిపి చేయు ఈ పరీక్షతోనే పందొమ్మిదవ శతాబ్దినుండియు రైల్వే కార్ఖానాలవారు ఇనుపభాగములలోని పగుళ్లను పట్టుచుండిరి. చీలికలో దాగిన నూనె సుద్దలోనికి ఊరివచ్చి పగులును బయటపెట్టును.

"ఇత్తడితోని అతికిస్తే ఆగదా మామా?" అని అడిగితిని.

"ఆగుతది బిడ్డా. గాని బలం జేసినప్పుడు నమ్మరాదు. విరిగితే నీ కాలి మీద పడ్తది. కొలిమికి పంపు, ఇంకో వైసైతది" అనెను.

మా నాయన మారుమాటాడక దానిని తుక్కువానికి ఇచ్చివేసెను. నేను చాలదినములు కోపగించితిని గాని, పోతయినుము స్వభావము తెలిసిన కొలదియు మామ తీర్పే సరియని తోచుచున్నది. నూటికి మూడు పాళ్లకు పైబడిన కర్బనము సన్నని పొరలుగా నిండియుండుటచే ఆ లోహము అణచుటకు ఓర్చును గాని లాగుటకు ఓర్వదు. పిడి బిగించిన ప్రతిసారియు లాగుడు పడునది దవడ మొదటిలోనే. అచట వెల్డింగు చేసినచో అతుకు ప్రక్కనున్న లోహము మఱింత పెళుసై కొత్త చీలికకు చోటిచ్చును. అదే లోహము సుమారు 1,200 డిగ్రీల వేడిలో మరల కరగి, అచ్చులో పడి, పగులెఱుగని కొత్త దవడ కాగలదు.

ఇంత తలచిన పిమ్మట ఆ త్రాసుపై నాకు ద్వేషము నిలువలేదు. దేహము చెదరని వైసును తూకమునకు వేయుట నేటికిని అపచారమే యని నా నమ్మకము. కాని పగిలినదానికి రంగుపూసి అలమరలో అలంకారముగా నిలుపుట కంటె, లేదా అతికి పిల్లల చేతికిచ్చుట కంటె, పోతకొలిమికి పంపుటయే ఆ యినుమునకు చేయు మర్యాద. పాతవైసు కొనబోవు పాఠకులు పైపూతను చూడక, తయారీదారు పేరును చూడక, ముందుగా దవడ మొదలును సుద్దతో పరీక్షింపుడు. గీత కనబడినచో ఎంత చవుకగా ఇచ్చినను కొనకుడు.