చిక్కిన అయానులు - తేరిన గాజు

వేంపల్లె ఎండ నెరిగినవారికి, విద్యుత్తు సోకగానే నీలమై ఎండ నాపు కిటికీగాజు ముచ్చట గొలుపును. ఆ గాజుపై టంగ్‌స్టన్ ఆక్సైడు పలుచని పొరగా నుండును. లిథియం అయానులు అందు చొచ్చిన నీలమగును, వెలువడిన తేటపడును. వాడగా వాడగా కొన్ని లోననే చిక్కుకొని, రంగు మార్చు శక్తి క్షీణించును.

ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెన్, గ్రాంక్విస్ట్, నిక్లాసన్‌లు 2015లో 'నేచర్ మెటీరియల్స్' పత్రికలో, స్థిరమైన విద్యుత్ప్రవాహముతో ఆ అయానులను వెడలించి పొరకు పూర్వశక్తి కలిగించినట్లు చూపిరి. పొర చెడలేదు, మూసుకొనిపోయిన దంతే యని తెల్పుటయే వారి ఘనత.

కాని శీర్షికలో క్షీణతను 'తొలగించుట' యనుట కొంత అతిశయోక్తి. వాడినకొలది అయానులు మరల చిక్కును గదా! పైగా పరీక్షించినది ద్రవములో ముంచిన పొరనే, పూర్తి కిటికీని గాదు. బాగుచేయుట వేరు, చెడకుండ చేయుట వేరు. ఉపాధ్యాయులు ఈ భేదమును విద్యార్థులకు తప్పక బోధింపవలెను.